తెలుసా? వచ్చా?



"మీకు ఈత వచ్చా?" అని అడుగుతాం. "మీకు ఈత తెలుసా?" అని ఎవరూ అడగరు. గోదావరి త్రయంబకంలో పుట్టిందని తెలుసు అంటాం. గోదావరిలో ఈదడం వచ్చు అంటాం. తెలుసు అనే మాట వేరు. వచ్చు అనే మాట వేరు. సైకిల్ తొక్కడం వచ్చు. వంట వచ్చు. కుట్టుపని వచ్చు. ఇలా అన్నామంటే, ఎప్పుడు అడిగినా చేసి చూపిస్తామని అర్థం. రాకపోతే "నాకు రాదండీ" అనేస్తాం. అందులో దాపరికం ఉండదు. నీళ్లలోకి దిగితే ఎలాగూ బయటపడుతుంది.

ఈ పూట ఈ రెండు మాటల్నీ పట్టుకొని, ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువు గురించి మాట్లాడతాను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో బీటెక్ చదివే పిల్లలు ఉండే ఉంటారు. కాలేజీ గోడల మీదా, బ్రోషర్ల మీదా "అవుట్‌కమ్ బేస్డ్ ఎడ్యుకేషన్" అనే మాట మీరు చూసే ఉంటారు. పొట్టిగా ఓబీఈ అంటారు. తెలుగులో ఫలితాల ఆధారిత విద్య అని రాస్తున్నారు. ఫలితాలు అనగానే మనకి పరీక్షా ఫలితాలు గుర్తొస్తాయి. మార్కులు గుర్తొస్తాయి. అందుకే నాకు ఆ అనువాదం నచ్చదు. ఇది మార్కుల సంగతి కాదు. చదువు అయ్యేసరికి పిల్లవాడికి ఏం వచ్చు, అన్న సంగతి. ఆ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఏం వచ్చు?

నేను 30 ఏళ్లకి పైగా సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పాను. అందులో జరిగిన ఒక సంగతి చెప్తాను.

ఒక కాలేజీకి ల్యాబ్ పరీక్షలకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. కాంక్రీట్ ల్యాబ్. ఎవరు ఏ ప్రయోగం చేయాలో చీటీలు తీయించారు. ఒక అబ్బాయికి స్లంప్ పరీక్ష వచ్చింది.

స్లంప్ పరీక్ష చాలా తేలికైంది. ఇల్లు కట్టేటప్పుడు కాంక్రీట్ కలుపుతారు కదా. అది ఎంత జారుగా ఉందో చూడటానికి ఈ పరీక్ష. ఒక ఇనుప గరాటు లాంటిది ఉంటుంది. దానికి రెండు వైపులా మూతి ఉంటుంది. ఎత్తు 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక అడుగు. ఒక మూతి వెడల్పు 200 మిల్లీమీటర్లు, రెండోది 100. వెడల్పు మూతి కిందికి పెట్టాలి. పొరలు పొరలుగా కాంక్రీట్ నింపాలి. ఒక్కో పొరనీ కడ్డీతో 25 సార్లు కూరాలి. తర్వాత గరాటుని నిదానంగా, నిటారుగా పైకి ఎత్తెయ్యాలి. లోపలి ముద్ద కొంచెం కిందికి జారి కూర్చుంటుంది. ఎంత జారిందో కొలవాలి. అంతే పని. మామూలు కాంక్రీట్ బాగా ఎక్కువ జారిందంటే నీళ్లు ఎక్కువ పోశారేమోనని అనుమానించాలి. నీళ్లు ఎక్కువైతే, గట్టిపడ్డాక కాంక్రీట్ బలం తగ్గుతుంది. అట్లపిండి జారుగా ఉందా, గట్టిగా ఉందా అని అమ్మ గరిటెతో ఎత్తి వదిలి చూస్తుంది. ఇదీ అలాంటిదే.

ఆ అబ్బాయి రికార్డు చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. బొమ్మ స్కేలు పెట్టి గీశాడు. కొలత 75 మిల్లీమీటర్లు అని రాసి ఉంది. ఈ పరీక్ష ఎందుకు చేస్తారని అడిగాను. గడగడా చెప్పాడు. సరే, చెయ్యి నాయనా అన్నాను. గరాటు చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. సన్న మూతి కిందికి పెట్టాడు. నా ముఖం చూశాడు. మళ్లీ తిరగేశాడు.

అతను తెలివితక్కువవాడు కాడు. బద్ధకస్థుడూ కాడు. ఏం జరిగిందని నెమ్మదిగా అడిగితే చెప్పాడు. ఆ ల్యాబ్‌లో గరాటు ఒక్కటే ఉంది. బ్యాచ్‌లో 30 మంది. ముందు నిలబడ్డ నలుగురు ప్రయోగం చేశారు. మిగిలినవాళ్లు వెనక నిలబడి రీడింగు రాసుకున్నారు. ఆ రోజు ఇతను వెనక వరసలో ఉన్నాడు. రిజిస్టర్‌లో ప్రయోగం అయిపోయినట్టు సంతకం ఉంది. రికార్డు మీద సంతకం ఉంది. సంతకాలన్నీ ఉన్నాయి. ఆ పిల్లవాడికి మాత్రం ఆ పని రాదు.

అతనికి తెలుసు. కానీ రాదు.

ఆ రోజు తర్వాత ఏం జరిగిందో చివర్లో చెప్తాను. ముందు, ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం.

మా స్టాఫ్ రూముల్లో సెమిస్టర్ సగంలో ఒకళ్లనొకళ్లం ఒకే ప్రశ్న అడుక్కునేవాళ్లం. "ఎన్ని యూనిట్లయ్యాయి?" మూడయ్యాయి అంటే నిశ్చింత. రెండే అయ్యాయి అంటే కంగారు. ఆదివారం కూడా క్లాసు పెట్టి సిలబస్ పూర్తి చేసేవాళ్లం. పిల్లలకి ఎంత వచ్చిందని అడుక్కున్న రోజులు తక్కువ. మేం చెప్పడం పూర్తయితే చదువు పూర్తయినట్టే అనుకున్నాం. ఎన్నో ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు ఈత నేర్పేవాళ్లని చూడండి. పల్లెటూళ్లో బావిలోనో, చెరువులోనో ఈత నేర్చుకున్నవాళ్లకి గుర్తుంటుంది. వీపుకి బెండ్లు కట్టేవాళ్లు. లేదంటే ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవాళ్లు. నాన్నో, మామయ్యో తాడు పట్టుకొని గట్టు మీద నిలబడేవాడు. ఆయన మొదటి రోజే మనసులో ఒకటి అనుకునేవాడు. వేసవి సెలవులు అయ్యేసరికి వీడు బెండ్లు లేకుండా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోవాలి. ముందు ఆ అనుకోవడం. ఆ తర్వాతే తాడూ, బెండూ, దూకడమూ. నాలుగు రోజులకి ఒక బెండు తీసేసేవాడు. మునుగుతున్నాడంటే మళ్లీ కట్టేవాడు. పక్కింటి పిల్లవాడికి వారంలో రావచ్చు. మనవాడికి 20 రోజులు పట్టచ్చు. అందులో తప్పులేదు. ఎన్ని గంటలు నీళ్లలో ఉన్నాడని ఎవరూ లెక్క పెట్టరు. నీకు గంటలు పూర్తయ్యాయి, ఇక ఈత వచ్చినట్టే అని ఏ తండ్రీ అనడు.

ఆ తండ్రి చేసిందే ఓబీఈ. చివర ఏం రావాలో ముందే అనుకోవడం. అది వచ్చేలా నేర్పడం. వచ్చిందో లేదో నీళ్లలో దింపి చూడటం. రాకపోతే మళ్లీ బెండు కట్టడం.

ఈ ఆలోచన నిన్నామొన్నటిది కాదు. 1949లోనే అమెరికాలో రాల్ఫ్ టైలర్ అనే విద్యావేత్త ఒక చిన్న పుస్తకంలో ఇలాంటి మాటే రాశారు. ఏం సాధించాలో ముందు తేల్చుకోండి, తర్వాత పాఠం కూర్చుకోండి, ఆ తర్వాత సాధించారో లేదో చూడండి అని. 1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన తోటివాళ్లు నేర్చుకోవడానికి ఆరు మెట్లు చెప్పారు. గుర్తుపెట్టుకోవడం అన్నిటికన్నా కింది మెట్టు. మన పరీక్షలు చాలావరకు ఆ కింది మెట్టు మీదే కూర్చుండిపోయాయి. దాన్ని మార్చాలని, దేశంలో సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ 2018లో పరీక్షల సంస్కరణ మీద ఒక పత్రమే తెచ్చింది.

ఇంజనీరింగ్‌లోకి ఇది ఇంత బలంగా రావడానికి ఇంకో కారణం ఉంది. 1989లో ఆరు దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. దాన్ని వాషింగ్టన్ ఒప్పందం అంటారు. మీ దగ్గర గుర్తింపు పొందిన ఇంజనీరింగ్ చదువుని మా చదువుతో సమానంగా చూస్తాం అని దాని సారాంశం. మన దేశం 2014 జూన్‌లో అందులో పూర్తి సభ్యురాలైంది. మన తరఫున ఆ గుర్తింపు ఇచ్చేది నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్. ఎన్‌బీఏ అంటాం. ఎన్ని గదులున్నాయి, ఎన్ని కంప్యూటర్లున్నాయి అన్న లెక్క ఒక్కటే అక్కడ సరిపోదు. మీ విద్యార్థికి ఏం వచ్చు అని అడుగుతారు. చూపించండి అంటారు.

ఇక్కడ తల్లిదండ్రులకి ఒక మాట. కౌన్సెలింగ్ రోజుల్లో "మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది" అని చెప్తుంటారు. అది సగం మాటే. ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇవ్వరు. బ్రాంచికి ఇస్తారు. సివిల్‌కి ఉండచ్చు, కంప్యూటర్స్‌కి లేకపోవచ్చు. అదీ కొన్నేళ్లకే ఇస్తారు. కాలేజీ మొత్తాన్ని చూసేది న్యాక్ అనే వేరే సంస్థ. వాషింగ్టన్ ఒప్పందం టైర్-1 అనే పద్ధతిలో గుర్తింపు తెచ్చుకున్న ప్రోగ్రాములకే వర్తిస్తుంది. అందుకని ఆప్షన్లు పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. మా పిల్లవాడు చేరే బ్రాంచికి ఉందా? ఏ సంవత్సరం దాకా ఉంది?

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ ప్రసంగంలో నేను మీకు ఇవ్వాలనుకున్నది ఒకే ఒక పద్ధతి. పాఠం మొదలుపెట్టే ముందు ఒక వాక్యం రాసుకోవడం. "ఇది అయ్యేసరికి విద్యార్థికి ఫలానా పని వచ్చు." ఇంతే వాక్యం. కాలేజీ భాషలో దీన్ని కోర్స్ అవుట్‌కమ్ అంటారు. కానీ వాక్యం సరిగ్గా రాయడం చూసినంత తేలిక కాదు.

వంట తీసుకోండి. "మా అబ్బాయికి వంట వచ్చండీ" అని ఒక తల్లి అంటుంది. ఏం వచ్చు? టీ పెట్టడమా? పెళ్లి వంటా? కొంచెం విడమరిచి చెప్పమందాం. "ఇంట్లో ఉన్న సరుకులతో, నన్ను అడక్కుండా, నలుగురికి సరిపడా అన్నం, పప్పు, ఒక కూర గంటలో చేస్తాడు. ఉప్పూ కారం సరిపోతాయి." ఇప్పుడు అర్థమైంది. ఇందులో మూడు సంగతులున్నాయి. ఏ పని చేస్తాడు. ఏమి దగ్గర పెట్టుకొని చేస్తాడు. ఎంత బాగా చేస్తాడు. 1962లో రాబర్ట్ మేజర్ అనే ఆయన పాఠాల లక్ష్యాలు ఎలా రాయాలో ఒక పుస్తకం రాశారు. అందులో చెప్పింది కూడా ఈ మూడే. ఏ పని, దేనితో, ఎంత బాగా.

ఇప్పుడు ఇంజనీరింగ్‌లోకి వద్దాం. కిటికీ మీద సజ్జ ఉంటుంది కదా. గోడలోంచి బయటికి వచ్చిన పలక. దానికి ఒక వైపే పట్టు. రెండో వైపు గాలిలో ఉంటుంది. కాంక్రీట్‌కి ఒక గుణం ఉంది. నొక్కితే బాగా ఓర్చుకుంటుంది. లాగితే ఓర్చుకోలేదు. అందుకని లాగుడు వచ్చే చోట ఇనుప కడ్డీ వేస్తాం. రెండు గోడల మీద ఆనిన స్లాబ్ మధ్యలో కిందికి వంగుతుంది. దాని అడుగు భాగం సాగుతుంది. అక్కడ కడ్డీ అడుగున వెయ్యాలి. సజ్జ అలా కాదు. దాని కొన కిందికి వంగుతుంది. పై భాగం సాగుతుంది. అక్కడ కడ్డీ పైన వెయ్యాలి. స్లాబ్‌కి అలవాటైన చేత్తో సజ్జకి కూడా కడ్డీ అడుగున వేశారనుకోండి. సెంట్రింగ్ చెక్కలు తీసిన రోజే సజ్జ విరిగి మనిషి మీద పడచ్చు.

ఈ పాఠానికి చాలా సిలబస్‌ల్లో రాసి ఉండే వాక్యం ఏమిటంటే, "విద్యార్థి బీముల ప్రవర్తనను అర్థం చేసుకుంటాడు." అర్థం చేసుకున్నాడని మనకెలా తెలుస్తుంది? కనపడే పని ఏదీ ఆ వాక్యంలో లేదు. నేను ఆ వాక్యంతోనే ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. బోర్డు నిండా సూత్రం రాబట్టేవాణ్ణి. పిల్లలు పరీక్షలో అదే రాసేవాళ్లు. మార్కులు వచ్చేవి. ఒక సంవత్సరం ఎందుకో, సూత్రం అడక్కుండా సజ్జ బొమ్మ గీసి "కడ్డీ ఎక్కడ వేస్తారో గీత గీసి చూపించండి" అని అడిగాను. క్లాసులో చాలామంది అడుగున గీశారు. సూత్రం తప్పు లేకుండా రాసినవాళ్లు కూడా అడుగునే గీశారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అప్పటికే ఎన్ని బ్యాచ్‌లు బయటికి వెళ్లిపోయాయో.

తర్వాతి ఏడాది వాక్యం మార్చి రాసుకున్నాను. "సజ్జ పొడవు, దాని మీద పడే బరువు ఇస్తే, ఏ వైపు లాగుడు వస్తుందో విద్యార్థి బొమ్మ గీసి చూపగలడు. ఐఎస్ 456 అనే కాంక్రీట్ కోడ్ పుస్తకం దగ్గర పెట్టుకొని కడ్డీ ఎంత కావాలో తప్పు లేకుండా లెక్కగట్టగలడు." ఏ పని, దేనితో, ఎంత బాగా. వాక్యం మారేసరికి పాఠం తనంతట తనే మారిపోయింది. పరుపులో పెట్టే స్పాంజి ముక్క ఒకటి క్లాసుకి తీసుకెళ్లాను. దాని పక్క అంచు మీద స్కెచ్ పెన్నుతో నిలువు గీతలు గీశాను. ఒక కొన బల్ల మీద నొక్కి పట్టి, రెండో కొన కిందికి వంచాను. పైన గీతలు దూరం జరిగాయి. కింద గీతలు దగ్గరికొచ్చాయి. వెనక బెంచీ వాళ్లు కూడా లేచి నిలబడి చూశారు. మీరూ ఇంట్లో చేసి చూడచ్చు. ఐదు నిమిషాల పని.

ఇంకొక మాట. ఈ వాక్యాన్ని మొదటి రోజే పిల్లలకి చెప్పాలి. వాళ్లకి తెలిసే భాషలో చెప్పాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయికి ఇంగ్లీషులో అచ్చువేసిన కోర్స్ అవుట్‌కమ్ చేతికిస్తే అదీ ఒక పాఠంలాగే కనిపిస్తుంది. "అమ్మా, డిసెంబరు అయ్యేసరికి సజ్జకి కడ్డీ ఎక్కడ వెయ్యాలో నువ్వు మేస్త్రీకి చెప్పగలగాలి" అని తెలుగులో చెప్పి చూడండి. ఏ ఒడ్డుకి చేరాలో తెలిస్తే, ఎటు ఈదాలో పిల్లలే చూసుకుంటారు.

వాక్యం రాశాక ప్రశ్న దానికి తగ్గట్టే ఉండాలి. మన దగ్గర చాలాకాలం పరీక్ష పేపర్లు ఎలా ఉండేవి? ఎనిమిది యూనిట్లు. ఎనిమిది ప్రశ్నలు. ఏవైనా ఐదు రాస్తే చాలు. అంటే మూడు యూనిట్లు తెరవకుండానే నూటికి నూరు తెచ్చుకునే దారి ఉంది. పిల్లలు ఆ దారినే వెళ్లారు. వాళ్లని అనడానికి లేదు. ముందే సీనియర్లు చెప్పేసేవాళ్లు, ఏ మూడు వదిలెయ్యాలో. వదిలేసిన మూడింటిలో సజ్జ ఉంటే? ఇప్పుడు చాలాచోట్ల ప్రతి యూనిట్ నుంచీ ఒక ప్రశ్న రాయాల్సిందే. అది మంచి మార్పు. అయితే ప్రశ్న "సూత్రం రాబట్టుము" అనే ఉంటే మళ్లీ మొదటికే వస్తాం. ఈత వచ్చో రాదో తెలుసుకోవడానికి ఈత మీద వ్యాసం రాయించినట్టు ఉంటుంది.

ఇక లెక్కలు. ఓబీఈ అనగానే అధ్యాపకులకి గుర్తొచ్చేది ఈ లెక్కలే. సబ్జెక్టులో రావాల్సిన పనులు ఐదో, ఆరో ఉంటాయి. ఇంజనీర్ అయ్యేవాడికి మొత్తం మీద ఏమేం రావాలో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. చాలా ఏళ్లు అందులో 12 అంశాలుండేవి. కొత్త రూపంలో 11 చేశారు. అన్నీ చదివి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. లెక్క కట్టడం, డిజైన్ చెయ్యడంతో పాటు, నలుగురితో కలిసి పనిచెయ్యడం, చెప్పదలచుకున్నది స్పష్టంగా చెప్పడం, నీతి తప్పకపోవడం, ఉద్యోగం వచ్చాక కూడా నేర్చుకుంటూ ఉండటం కూడా అందులో ఉన్నాయి. మన సబ్జెక్టు వాటికి ఎంత తోడ్పడుతుందో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వెయ్యాలి. పరీక్ష అయ్యాక ఎంతమందికి వచ్చిందో లెక్క తేల్చాలి.

ఉదాహరణకి క్లాసులో 60 మంది ఉన్నారనుకుందాం. సజ్జ ప్రశ్నలో 10కి 6 మార్కులు తెచ్చుకుంటే వచ్చినట్టు. 100కి 70 మందికి రావాలని మొదట్లోనే అనుకున్నాం. పేపర్లు దిద్దాక చూస్తే 33 మందికే వచ్చింది. అంటే 100కి 55. అనుకున్నది చేరలేదు. 27 మందికి రాలేదు.

ఇప్పుడు రెండు దారులున్నాయి. మొదటి దారి, అంకె మార్చడం. 10కి 6 బదులు 4 చాలు అనుకుంటే లెక్క సరిపోతుంది. ఫైలు అందంగా తయారవుతుంది. గుర్తింపు బృందం వచ్చే ముందు వారం రోజులు రాత్రి పొద్దుపోయేదాకా కంప్యూటర్ల ముందు కూర్చొని ఎక్సెల్ గడులు నింపిన అధ్యాపకుల్ని చూశాను. చంటిపిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చి ఆ పని చేసిన అమ్మాయిలు ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. బాధ ఉంది. అంత కష్టమూ ఒక్క పిల్లవాడికి ఒక్క పని రావడానికి ఉపయోగపడలేదు. త్రాసు ముల్లుని వేలితో జరిపితే బియ్యం పెరగవు కదా. కాలేజీ పెద్దలు ఈ మాట వింటుంటే నాది ఒక మనవి. అధ్యాపకుల్ని ఫైలు అడిగే ముందు, మీ కాంక్రీట్ ల్యాబ్‌కి ఇంకో మూడు గరాటులు కొనండి. 30 మందికీ తలా ఒకసారి చేసే వ్యవధి ఇవ్వండి. ఆ తర్వాత ఫైలు అడగండి.

రెండో దారి, ఆ 27 పేపర్లు బల్ల మీద పరుచుకొని చూడటం. ఎక్కడ ఆగిపోయారు? లెక్కలోనా? అంతకు ముందు బొమ్మలోనా? బొమ్మే రాలేదంటే లెక్క ఎంత చెప్పినా లాభం లేదు. స్పాంజి ముక్క వాళ్ల చేతికే ఇవ్వాలి. మళ్లీ ఒక గంట. మళ్లీ ఒక చిన్న పరీక్ష. వచ్చే ఏడు ఇంకో బ్యాచ్‌కి మొదటి నుంచే అలా చెప్పాలి. మొదటి అట్టు పెనానికి అంటుకుపోతే ఏం చేస్తాం? మంట తగ్గిస్తాం. రెండు చుక్కలు నూనె వేస్తాం. రెండో అట్టు బాగా వస్తుంది. మొదటి అట్టు పోయిన సంగతి నోట్‌బుక్‌లో రాసుకొని, అదే మంట మీద పది అట్లూ పోయం. ఓబీఈలో ప్రాణమంతా ఇక్కడే ఉంది. లెక్క కట్టడంలో లేదు. లెక్క చూసి మంట తగ్గించడంలో ఉంది.

పెద్ద తరం అధ్యాపకులు కొందరు నాతో వాదిస్తారు. చదువంతా కొలతల్లో ఇముడుతుందా? ఒక మంచి మాస్టారి పాఠం విని పదేళ్ల తర్వాత జీవితం మారినవాడు ఉంటాడు. దాన్ని ఏ గడిలో రాస్తారు? అని. నేను ఒప్పుకుంటాను. ఏ గడిలోనూ రాయలేం. రాయాల్సిన పనీ లేదు. ఒక పూట పాఠం పక్కకి వెళ్లి, మాస్టారు, ఆర్థర్ కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెప్తూ కూర్చుంటే, అదీ చదువే. కాకపోతే ఆ మాట చెప్పి, పిల్లవాడికి గరాటు ఎటు తిప్పాలో రాకుండా వదిలెయ్యకూడదు. ఆ పిల్లవాడు రేపు ఎవరో ఒకరి ఇంటికి కాంక్రీట్ వేయిస్తాడు. ఆ ఇంట్లో ఒక కుటుంబం పడుకుంటుంది.

విద్యార్థులు వింటుంటే మీకొక మాట. కాలేజీ ఏం చేస్తుందో అని ఆగకండి. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒక్కో యూనిట్ అయ్యాక ఒక్క వాక్యం రాయండి. "నాకు ఫలానా పని వచ్చు." తెలుసు అని రాయకండి. వచ్చు అని రాయండి. రాస్తూ ఉంటే చెయ్యి ఆగుతుంది కొన్నిచోట్ల. ఆగిన చోట "రాదు" అని రాయండి. సిగ్గుపడకండి. మర్నాడు ఆ "రాదు"ని పట్టుకొని మీ లెక్చరర్ దగ్గరికి వెళ్లండి. "సార్, ఈ యూనిట్ అర్థం కాలేదు" అంటే ఆయన ఎక్కడ మొదలుపెట్టాలి? "సార్, సజ్జలో కడ్డీ పైన ఎందుకో నాకు రావడం లేదు" అంటే పది నిమిషాల్లో చెప్పేస్తారు.

తల్లిదండ్రులకీ ఒక పని ఉంది. మీరు బీటెక్ చదివి ఉండనక్కర్లేదు. సంక్రాంతికి పిల్లలు ఇంటికొస్తారు. "ఎన్ని మార్కులొచ్చాయి, ఎన్ని సబ్జెక్టులు మిగిలాయి" అని అడుగుతాం. ఈసారి "ఈ ఆరు నెలల్లో నీకు కొత్తగా ఏం వచ్చింది నాన్నా?" అని అడిగి చూడండి. పరీక్ష పెట్టినట్టు కాదు. భోజనాల దగ్గర, ప్రేమగా. పొలంలో త్రీఫేజ్ మోటార్ ఉన్న తండ్రి ఎలక్ట్రికల్ చదివే కూతుర్ని అడగచ్చు. "ఒక ఫేజ్ పోతే మోటార్ ఎందుకు కాలిపోతుందమ్మా?" అని. కాలిపోతుందని ఆ తండ్రికి తెలుసు. చుట్టలు మళ్లీ చుట్టించడానికి డబ్బు పోసినవాడు. ఎందుకు కాలిపోతుందో ఆ అమ్మాయి చెప్పగలగాలి. మిగిలిన రెండు ఫేజుల తీగల్లో కరెంటు ఎక్కువై అవి వేడెక్కుతాయని, అలా కాకుండా స్టార్టర్‌లో రిలే ఎలా ఆపుతుందని, మూత తీసి చూపించాలి. మెయిన్ ఆపేసి మరీ. ఆమె చూపించింది అనుకోండి, ఆ ఇంట్లో ఆ పూట ఆనందం ఏ మార్కుల కాగితమూ ఇవ్వలేదు. చూపించలేకపోయిందనుకోండి, నష్టం లేదు. సెలవులు అయ్యాక ఏం నేర్చుకోవాలో ఆమెకే తెలిసొస్తుంది.

ఇక ఆ ల్యాబ్‌లో అబ్బాయి సంగతి.

అతనికి అక్కడికక్కడే మార్కులు వేసి పంపించెయ్యచ్చు. నాకు మనసొప్పలేదు. ల్యాబ్ అటెండర్‌ని పిలిచి ఇంకొంచెం కాంక్రీట్ కలపమన్నాం. ఆ అబ్బాయిని గరాటు పట్టుకోమన్నాను. వెడల్పు మూతి కిందికి, అన్నాను. అదొక్కటే చెప్పాను. మిగిలింది అతనే చేశాడు. నింపాడు. లెక్కపెడుతూ 25 సార్లు కూరాడు. మొదటిసారి గరాటు పక్కకి లాగాడు. ముద్ద ఒరిగి పడిపోయింది. మళ్లీ నింపాడు. ఈసారి ఊపిరి బిగబట్టి నిటారుగా ఎత్తాడు. ముద్ద మెల్లగా కిందికి దిగి ఆగింది. స్కేలు పెట్టి కొలిచాడు. 110 మిల్లీమీటర్లు.

రికార్డు తెరిచాడు. అందులో 75 అని ఉంది. నా వైపు చూశాడు. "సార్, ఏది ఉంచమంటారు?" అన్నాడు.

"నువ్వు కొలిచింది ఏది?" అన్నాను.

పెన్ను తీసి 75 మీద అడ్డగీత గీశాడు. పక్కన 110 అని రాశాడు. చేతికి ఇంకా సిమెంట్ ఉంది. ఆ తెల్ల కాగితం మీద అతని బొటనవేలి ముద్ర బూడిదరంగులో పడింది. తుడవబోతే నేనే వద్దన్నాను. ఆ ముద్ర కిందే సంతకం చేశాను.